లోతు వైపు మడమ గుర్తు

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే లేచి, భార్యను వెంటబెట్టుకుని, పళ్ల డాక్టరమ్మ ఇంటి పెరట్లో తాను పూత పూసిన కొత్త ఈతకొలనును ఓసారి కళ్లారా చూసుకోవాలి. టిఫిన్ల వేళకు మామగారు వస్తారు. ఆయన సరేనంటే నీళ్లు వదలాలి. అంతే. ఇందులో ప్రాణం మీదికి వచ్చేదేమీ లేదని ఎవరైనా అనుకుంటారు. అలా అనుకునేవాళ్లు ఆ మామగారిని ఎరగనివాళ్లు.

ఆయన ఊళ్లో ఈతకొలనులు కట్టే పెద్దమేస్త్రి. పూతను కంటితో చూడడు, కాలితో చూస్తాడు. చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, కొలను అడుగంతా వట్టి పాదాలతో నడుస్తాడు. ఆ పాదం ఎక్కడైనా ఆగిందంటే అక్కడ పూసినవాడి పని అయిపోయినట్టే. పనివాళ్లందర్నీ "ఒరేయ్" అంటాడు. అల్లుణ్ణి మాత్రం మర్యాదకు లోటు లేకుండా "మీరు" అంటాడు. ఆ "మీరు" వింటేనే అల్లుడికి చెమటలు పట్టేవి. ఇది అతను ఒంటిచేత్తో చేసిన మొదటి పని. ఇవాళ గట్టెక్కితే పక్క వీధిలోని కొలను అతనిదే, సొంత మేస్త్రి అవుతాడు. తేడా వస్తే మళ్లీ మామగారి వెనకాల సిమెంటు గమేళాలు మోయాల్సిందే.

కొలను చూడగానే కడుపు నిండిపోయింది. తెల్లగా, నున్నగా, వెన్న రాసినట్టుంది. లోతు వైపు నిచ్చెన మీదుగా దిగబోయాడు. ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. నిచ్చెన కాళ్ల పక్కనే పూతలో ఒక మడమ గుర్తు, గుంటలా దిగి ఉంది.

"కొంప మునిగిందే!" అన్నాడు.

భార్య గట్టు మీంచి వంగి చూసింది. మేస్త్రి కడుపున పుట్టిన పిల్ల, ఆమెకు కన్ను ఎక్కువ. "ఇది ఉత్తి కాలండీ. మీరు నిన్న తడి పూత మీద మేకుల చెప్పులతో కదా తిరిగింది?"

"ఆఖర్న బయటికొచ్చింది నేనే కదే. పైకెక్కేటప్పుడు విప్పేశానేమో!"

"ఏమోనా? మీ కాలు మీకు తెలీదా?"

"ఇప్పుడు నా పేరే నాకు గుర్తు లేదు. కాలి సంగతి అడుగుతావేంటి?"

రాయి తెచ్చి గుంట అంచులు నెమ్మదిగా రుద్దాడు. అంచులు పోయాయి, గుంట వెడల్పయింది. ఇంకాస్త రుద్దాడు. మడమంత ఉన్నది పళ్లెమంత అయింది. తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపి, తాపీతో నింపి, నున్నగా అదిమాడు. గుంట పూర్తిగా పూడిపోయింది. కాకపోతే అంత తెల్లటి కొలనులో అదొక్కటే బూడిదరంగు మచ్చ.

"ఆరితే తెల్లబడుతుందిలెండి," అంది భార్య.

"ఆరేలోగా మీ నాన్న వచ్చేస్తాడు!"

వెంటనే ఆమె ఫోను తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. "నాన్నా, ఆయనకి ఒళ్లు కాలిపోతోంది. నువ్వివాళ రాకు. రేపు చూద్దువుగాని," అని చెప్పేసింది. ఆ సంగతి మొగుడికి చెబుదామని వెనక్కి తిరిగేలోపే ఇక్కడ డాక్టరమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటి నింపుతున్నారు?" అందావిడ.

"చిన్న గుంటండీ. పూడ్చేశాం," అన్నాడు అల్లుడు.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని మచ్చ వైపు చూసింది. తెలుపు విషయంలో ఆవిడకు దయాదాక్షిణ్యాలు లేవు. రోజంతా జనం నోళ్లలో చూసేది అదే. "రంగు కలవలేదే! నేను ముందు పన్ను ఇలా నింపితే పేషెంటు ఊరుకుంటాడా? మేస్త్రిగారు రానీండి, చూపిద్దాం."

చూపిద్దాం అన్న మాటకు అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. నోటికి మొదట ఏది తగిలితే అదే అనేశాడు. "మామయ్యగారు రారండీ. జ్వరం. నీళ్లు వదిలేయమన్నారు. నీళ్లలో ఉంటేనే పూత గట్టిపడుతుందట."

నిజానికి ఆ చివరి మాట అబద్ధం కాదు. ఆ గుక్కలో అతను చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

గొట్టాన్ని కొలను అడుగుకు దించి నీళ్లు వదిలాడు. కొత్త పూత మీద ఒకసారి నీళ్లు మొదలుపెడితే నిండేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే నీటిమట్టం ఎక్కడుంటే అక్కడ గోడల మీద గీత పడుతుంది, అది చచ్చినా పోదు. ఈ సంగతి అతనికి కంఠతా వచ్చు. నీళ్లు మచ్చను కమ్మేసి మోకాలి లోతుకు చేరేసరికి అతనికి ఊపిరి ఆడింది. అదే సమయానికి గేటు బయట స్కూటర్ ఆగిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు.

గేటు తీసింది డాక్టరమ్మ. "అయ్యో మేస్త్రిగారూ, జ్వరంతో ఎందుకొచ్చారు?"

"జ్వరం నాకు కాదమ్మా, అల్లుడుగారికి! పని చూద్దామని వచ్చా."

"ఆయన బాగానే ఉన్నాడే! మీకే అన్నాడు."

"మా అమ్మాయి అతనికి జ్వరమందే!"

డాక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "అయితే ఇంటిల్లిపాదికీ పట్టుకుందన్నమాట. అందరూ దూరంగా నిలబడండి!"

మామగారు చెవి ఒగ్గాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. "నీళ్ల చప్పుడేంటి? ఎవరు వదలమన్నారు? ఆపండి! అల్లుడుగారూ, మిమ్మల్నే!"

ఆ కేకకు అల్లుడి చేయి దానంతటదే కుళాయి కట్టేసింది. కట్టేశాక గానీ ఏం చేశాడో తెలియలేదు. భార్య నెత్తి కొట్టుకుంది.

"తోడేయండి," అన్నాడు మామగారు.

మోటారు పెట్టి తోడుతున్నంతసేపూ ఆయన కుర్చీలో కూర్చుని చేతిసంచిని ఒళ్లో గట్టిగా పట్టుకున్నాడు. తిట్టేవాడు తిట్టకపోతే ఎలా ఉంటుందో అల్లుడికి ఆ రోజే తెలిసింది. నీళ్లు దిగుతున్నకొద్దీ గోడల మీద గీత బయటపడింది. లోతు వైపు మూడు గోడలనూ చుట్టి, తాగిన కాఫీ గ్లాసు లోపలి చారలాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. డాక్టరమ్మ అది చూసి "అచ్చం పళ్ల మీది గార!" అంది. అల్లుడు పక్క వీధి కొలనుకు మనసులోనే నీళ్లొదులుకున్నాడు.

మామగారు లేచాడు. గీత వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "అందరూ లోపలికి వెళ్లండి. నేనొక్కణ్ణే చూస్తా."

"ఒక్కరేనా నాన్నా?"

"చెప్పింది విను!"

మనిషిని ఒంటరిగా చంపడానికి ముందు జాగా చూసుకుంటున్నాడేమో అనిపించింది అల్లుడికి. వంటింటి కిటికీలోంచి ముగ్గురూ తొంగి చూశారు. మామగారు చెప్పులు విడిచి నిచ్చెన దిగాడు. ఆయన తల గట్టు కిందికి పోయింది. ఇక కనబడలేదు. ఎంతకీ తిట్లు వినబడలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక అల్లుడు పిల్లిలా నడిచి గట్టు దగ్గరికి వెళ్లాడు. ఆడవాళ్లిద్దరూ వెనకే వెళ్లారు.

కొలను అడుగున పెద్దమేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సంచి తెరిచి ఉంది. అందులోంచి తీసిన తెల్ల సిమెంటు పొట్లం, చిన్న తాపీ తడి నేల మీద ఉన్నాయి. నిచ్చెన కాళ్ల చుట్టూ అరచేత్తో తడుముతున్నాడు. బూడిదరంగు మచ్చను అటు తడిమాడు, ఇటు తడిమాడు. తల ఎత్తేసరికి గట్టు మీద మూడు ముఖాలు.

"అల్లుడుగారూ," అన్నాడు, "ఇక్కడిది ఏమైంది?"

"ఏది మామయ్యగారూ?"

"అదే... మడమ."

మొదట తేరుకున్నది కూతురే. "నాన్నా, ఇక్కడ మడమ ఉందని మేం ఎవరికీ చెప్పలేదే. నీకెలా తెలుసు?"

మామగారు పొట్లాన్ని సంచిలో దాచబోయి మానుకున్నాడు. ముఖం చూస్తే, దొంగతనంగా చక్కెర తింటూ దొరికిపోయిన పిల్లవాడిలా ఉన్నాడు.

"నిన్న మీరంతా వెళ్లాక వచ్చాను. పైనుంచి చూసి పోదామనే వచ్చా, ఒట్టు. ఇన్నేళ్లలో ఇంత నున్నటి పూత నేను చూళ్లేదు. నేను కూడా పూయలేదు. కాలు ఆగలేదు అల్లుడూ! ఒక్కసారి తాకి చూద్దామని నిచ్చెన దిగి కాలు పెట్టా. దిగిపోయింది." ఆయన తన మడమ వైపు ఓసారి చూసుకున్నాడు. "రాత్రంతా నిద్ర లేదు. నీకు జ్వరమని ఇది ఫోన్ చేస్తే, దేవుడు నా మొర విన్నాడనుకున్నా. ఎవరూ లేనప్పుడు పూడ్చేసి పోదామని పరిగెత్తుకొచ్చా. నీళ్ల చప్పుడు వినేసరికి, ఇక ఆ గుంట జన్మంతా అలాగే ఉండిపోతుందని భయమేసింది."

అల్లుడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అయితే పాడు చేసింది మీరా మేస్త్రిగారూ?" అంది డాక్టరమ్మ.

"నేనేనమ్మా," అన్నాడాయన. ఆ మాట ఆయన నోట విని ఎరగని కూతురు గట్టు మీద చతికిలబడింది.

మచ్చ, గీత కలిసిపోవాలంటే కొలను మొత్తం తడిపి, రాయితో సమంగా రుద్దుకు రావడం తప్ప దారి లేదు. మామ ఒక వైపు, అల్లుడు ఒక వైపు పొద్దు వాలేదాకా రుద్దారు. డాక్టరమ్మ ముక్కు మీంచి కొంగు తీయకుండానే "ఇక్కడ ఇంకొంచెం" అంటూ గట్టు చుట్టూ తిరిగింది. చివరికి నడుం పట్టుకుని లేచిన మామగారు అల్లుడి భుజం మీద చేయి వేశాడు.

"పక్క వీధిది నీదే అల్లుడూ. నీ చేతి పని మీద కాలు పెట్టే ధైర్యం నాకిక లేదు. అది చూడ్డానికి నేను రాను."

అల్లుడు దండం పెట్టాడు. ఇంటికి వెళ్లే దారి పొడుగునా సంతోషపడదామని ప్రయత్నించాడు. పడుకోబోయే ముందు గానీ అసలు సంగతి తట్టలేదు: ఇకమీద తప్పు ఎక్కడ దొరికినా, అది తనదే.