పావు వంతు భూమిది

ఆ ఆదివారం పొద్దున నాగవ్వ పెట్టుకున్న పని ఒక్కటే. ఆట గ్రౌండులోని రెండు గుంజలకు సున్నం వేసి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. బుధవారం హైదరాబాదు నుంచి పెద్దమనిషి వస్తున్నాడని తమ్ముడు పోశం వారం రోజులుగా కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. సున్నం వేయాలంటే ముందు గుంజ మీది ఇనుప రింగుకు ఆరేసిన చీరలు తీయాలి. నాగవ్వ మునివేళ్ల మీద లేచి, చేతిలోని సున్నం కుంచె కర్రతో తన చీరను, పక్కింటి భూమవ్వ చీరను దించుకుంది. కొన్నాళ్లుగా ఆమె చీరలు ఆరేది అక్కడే. అంత సులువుగా చీర అందే రింగులో ఏదో తేడా ఉందని ఆమెకే కాదు, మందమర్రిలో ఎవరికీ తోచలేదు.

రెండేళ్ల కిందట, అరవై ఒకటో సంవత్సరంలో, బొగ్గుగనిలో పనుల మీద అజమాయిషీ చేసే జోసెఫ్ అనే మద్రాసు ఓవర్‌మన్ ఒక బంతి తెచ్చి, బాస్కెట్‌బాల్ అనే ఆట ఉందని కార్మికుల బస్తీలో చెప్పాడు. గని దీపాల గదిలో గుమాస్తాగా ఉన్న పోశానికి ఒక కాగితం రాసిచ్చాడు. రెండు పక్కలా ఐదుగురు చొప్పున ఆడాలి, రింగు పదడుగులు. అది రాసిచ్చిన వారానికే ఆయనకు బదిలీ అయింది. పోశం ఆ కాగితం పట్టుకుని నాగవ్వ మొగుడు, తన బావ సారయ్య దగ్గరికి పోయాడు. సారయ్య టింబరు మేస్త్రి. గని కప్పు కూలకుండా కింద కర్రలు కోసి నిలబెట్టడం ఆయన పని.

"బావా, పదడుగులది గావాలె. అటొకటి, ఇటొకటి."

"పదంటె పదే. నా కొలత ఎన్నడన్న తప్పిందారా?"

తప్పలేదు. సరిగ్గా పదడుగుల కర్రలు రెండు కోసి తెచ్చాడు. అయితే పైన కప్పు లేనిచోట, బయట నేలలో కర్ర నాటాలంటే ఆయన తండ్రి చెప్పిన మాట ఒకటుంది: నాటిన కర్రలో పావు వంతు భూమిది. అందుకని రెండున్నర అడుగులు గోతిలోకి దించి, రాళ్లు కూరి, మట్టి దిమ్మిస కొట్టాడు. మిగిలిన కర్ర కొసన కమ్మరి చేసిన రింగు బిగించి, వెనక పలక కొట్టి, కింద అడుగులేని వల వేలాడదీశారు.

ఏది కొత్తగా కనిపించినా నాగవ్వ అడగకుండా ఉండలేదు. "తమ్మీ, అడుగులేని సంచిల ఏస్తె ఏం నిలుస్తదిరా?"

"నిలువద్దక్కా. పడిపోవాలె."

"పడిపోయేదానికి ఏసుడెందుకు మల్ల?" పోశం వల ముడి బిగిస్తుంటే ఇంకొకటి అడిగింది. "పదడుగులంటె నేల మీదిదా, నేల లోపలిది గల్పుకొనా?"

అప్పటికి మొదటి బంతి ఎవరు వేయాలన్న కొట్లాట మొదలైంది. ఆమె మాట ఎవరూ వినలేదు.

ఆట మాత్రం అగ్గిలా అంటుకుంది. వేసిన బంతి వేసినట్టే పడుతుంటే ఎవరికి మోజు ఉండదు? పొట్టివాళ్లు ఆడారు, పొట్టున్నవాళ్లు ఆడారు, షిఫ్టు దిగి ఒళ్లంతా బొగ్గుతో వచ్చినవాళ్లు స్నానం కూడా మరిచి ఆడారు. బెల్లంపల్లి వాళ్లు వచ్చి చూసి, రింగు ఎత్తు కొలుచుకుపోతామన్నారు. నాగవ్వ తన బట్టల తాడును గుంజకు ఆనించి ముడివేసి, అంత ముక్క కోసిచ్చింది. తర్వాత కాగజ్‌నగర్ వాళ్లు వచ్చారు. చొప్పదండి నుంచి బస్తీకి చుట్టపుచూపుగా వచ్చిన, బుచ్చవ్వ అనే ఆమె కొడుకు కూడా ఒక ముక్క కోయించుకుని, బొడ్లో దోపుకుని పోయాడు. రెండేళ్లలో రెండు జిల్లాలలో కలిపి ఏడు క్లబ్బులు లేచాయి. ఏడింటిదీ ఒకే కొలత. నాగవ్వకు బట్టలారేసుకోవడానికి తాడు మిగలలేదు. చీరలు రింగు మీదికి వచ్చింది అందుకే.

పోశం ఊరుకోక ప్రతి ఆట ఫలితాన్ని కార్డు మీద రాసి హైదరాబాదులోని ఆట సంఘానికి పంపేవాడు. మందమర్రి నూట నలభై ఆరు, బెల్లంపల్లి నూట ముప్పై తొమ్మిది. ఆ అంకెలు చూసి అక్కడివాళ్లు కళ్లు నులుముకున్నారు. పట్నంలో యాభై దాటితే పండుగ. ఈ బొగ్గు పెళ్లలు మోసేవాళ్లు ఏం తిని ఆడుతున్నారో చూసిరమ్మని కొండల్ రావు అనే పెద్ద అంపైరును పంపుతున్నట్టు ఉత్తరం రాశారు. ఉత్తరం సంగతి తెలిసి మేనేజరు ఒక మాట అన్నాడు. ఆ మనిషి గ్రౌండు బాగుందని సంతకం పెడితే అది క్లబ్బుది, లేదంటే గురువారం నుంచి అక్కడ గని కట్టె దించుతారు.

ఆదివారం నాగవ్వ సున్నం వేస్తుండగా పోశం గుంజ నీడన కూర్చుని, ఉత్తరంతో పాటు వచ్చిన అచ్చు కాగితం పైకి చదివాడు. "రింగు నేల మీది నుంచి పదడుగులు ఉండవలెను..." అక్కడ ఆగాడు. తల ఎత్తి రింగు చూశాడు. అక్క భుజం మీది చీరలు చూశాడు.

"అక్కా, గా దినం నువ్వేందో అడిగినవ్..."

"నేను శాన అడుగుత. ఏది?"

పోశం ఉరికిపోయి టేపు తెచ్చాడు. కొలిస్తే ఏడున్నర. ఇంకోవైపు కొలిస్తే అదీ ఏడున్నరే. సారయ్యను పిలుచుకొచ్చారు.

"నువ్వు పదన్నవ్, నేను పది తెచ్చిన. అనుమానముంటె పీకి కొలువు!" అన్నాడు సారయ్య.

"భూమిల బొంద పెట్టిందెవలు బావా? కట్టె డిపో కోసం జాగ గావాలని నీకు ముందే ఎరికా?"

నోరు జారిన మాట అది. సారయ్య మొహం నల్లబడింది. "నేను నిలబెట్టిన కర్ర కింద నాలుగు వందల మంది పెయి మరిచి పని చేస్తుండ్రు రా. బామ్మర్ది ఆడే ఆటకు దొంగ కొలత పెడ్తనా? ఇయ్యాల్టి సంది నీ ఇంట్ల మంచినీళ్లు ముట్ట!"

"మా ఇంట్ల ఎన్నడు ముట్టినవ్, కల్లే ముడుతవ్ గని," అన్నాడు పోశం. నాగవ్వ ఇద్దరి మధ్యన సున్నం బకెట్టు పెట్టకపోతే ఏమయ్యేదో.

కొత్త కర్ర తేవాలంటే మేనేజరు సంతకం కావాలి, సంగతి బయటపడుతుంది. ఉన్న కర్రకు ఇంకో ముక్క అతికిద్దామంటే సారయ్య ససేమిరా అన్నాడు. "అతుకు కర్ర కింద మనిషిని నిలబెట్టద్దు. నా చెయ్యితోని అది గాదు." పీకి పైకి లేపి నాటుదామంటే, భూమిలో పావు వంతు లేని కర్ర గాలికే ఊగుతుంది. అప్పుడు బొగ్గు కొట్టే లచ్చయ్య చుట్ట ఆర్పి, జీవితమంతా కిందికే పోయినవాడికి తోచే ఉపాయం చెప్పాడు.

"రింగు మీదికి పోకుంటె ఏమాయె? మనం కిందికి పోదాం. నేలను రెండున్నర అడుగులు తవ్వుదాం."

 అందరూ ఒకేసారి గడ్డపారల కోసం పోయారు.

మూడు షిఫ్టుల వాళ్లూ వంతులవారీగా తవ్వారు. ఆడవాళ్లు తట్టలెత్తారు. గనిలో కప్పు ఆగడానికి బొగ్గు స్తంభాలు వదిలినట్టు, గుంజల మొదళ్ల చుట్టూ మట్టి దిబ్బలు వదిలారు. కర్రలు కదలలేదు. తవ్విన మట్టి గ్రౌండు చుట్టూ గట్టుగా పోస్తే, జనం కూర్చోవడానికి మెట్లలాగా కూడా కుదిరింది. మంగళవారం సాయంత్రానికి టేపు పట్టి చూస్తే పదికి పది. సారయ్య బామ్మర్దితో మాట్లాడకుండానే టేపును వాడి ముక్కు దగ్గర ఊపాడు.

నాగవ్వ ఆఖరి తట్ట పోస్తూ ఆగింది. గట్టు కింద పాత గని మోరి పూడిపోయి ఉంది. మూతబడిన ఆ గనిలో ఊరిన నీళ్లను వారానికోసారి, బుధవారం నాడు, పంపుతో తోడి ఆ మోరిలోకి వదులుతారు. ఆ రోజే బస్తీ ఆడవాళ్లందరి ఉతుకుడు.

"ఏందయ్యా, బుధవారం నీళ్లు యాడికి పోవాలె?" అని సారయ్యను అడిగింది.

"జర ఊకో. దినమంత పరేషాన్ ఐతున్నం," అన్నాడు సారయ్య. పంపు సంగతి ఆయనకు తట్టలేదు, తట్టే స్థితిలో లేడు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి పంపు ఆడింది. మోరి మూసుకుపోవడంతో నీళ్లు వేరే దారి వెతుక్కుని, గట్టుకు ఒక మూల గండి పెట్టి, రెండు జిల్లాలలోకెల్లా చక్కగా చదును చేసిన ఆ గోతిలోకి దిగాయి. పదకొండు గంటల బండి దిగి కొండల్ రావు వచ్చేసరికి తొడల లోతు నీళ్లు. అప్పటికే ఆటగాళ్లు నెత్తిన చేతులు పెట్టుకుని, ఇక చేసేదేమీ లేదని, అదే నీళ్లలో దిగి చివరిసారిగా బంతి ఆడుతున్నారు. గట్టు మీద ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు.

పోశం మొహం చెల్లక గట్టు వెనక్కి పోయాడు. కొండల్ రావు చుట్టూ చూసి, అందరిలోకి తీరికగా కనిపించిన నాగవ్వనే అడిగాడు.

"అమ్మా, వీళ్ళు నీళ్లల్లనే ఆడుతరా?"

"చూస్తున్నవ్ గద బిడ్డా, ఆడుతుండ్రు."

"గుంత ఎవరు తవ్విండ్రు?"

"మేమే. మూడు దినాలు తవ్వినం. రెండున్నర అడుగులు, లెక్క పెట్టి."

"లెక్క పెట్టి!" కొండల్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. బూట్లు విప్పి, పంట్లాం మడిచి నీళ్లలోకి దిగాడు. సారయ్య టేపు కొస పట్టుకుని నీటి అడుగుకు ఆనించాడు. పది. వెంట్రుకంత తేడా లేదు. సారయ్య అంత లోతు నీళ్లలోనూ ఛాతీ విరుచుకున్నాడు.

కొండల్ రావు గట్టెక్కి అందరినీ దగ్గరికి పిలిచాడు. "ఇరవై ఏండ్ల సంది ఆట నేర్పుతున్న. ఇంత తెలివి నాకు రాలే. తొడల లోతు నీళ్లల్ల ఎగిరి ఎగిరి ఆడినోనికి పొడి నేల మీద ఎదురేముంటది? నూట నలభై ఆరు ఎందుకు రాదు!"

పోశం గట్టు వెనక నుంచి తల ఎత్తాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. సారయ్య తడి చేత్తో ఆ నోరు మూశాడు. మూడు రోజుల తర్వాత బామ్మర్దిని ముట్టుకోవడం అదే మొదలు.

"బావా, మాట జారిన. మనసుల పెట్టుకోకు," అన్నాడు పోశం, నోరు విడిపించుకుని.

"తర్వాత కల్లు తాగిపియ్యి. ఇప్పుడు సంతకం చూడు."

కొండల్ రావు సంతకం పెట్టాడు. మధ్యాహ్నం మేనేజరు కూడా వచ్చి, ఆ చెరువు వైపు కాసేపు చూసి, ఇందులో కట్టె పెడితే చెదలు కాదు చేపలు పడతాయని, క్లబ్బే ఉంచుకోమని వెళ్లిపోయాడు. నాగవ్వ మిగిలిన రెండు చీరలనూ ఉతికి రింగు వైపు చూసింది. గోతిలో దిగి అందుకుందామంటే అందదు. గ్రౌండు నిలిచింది, ఆమె ఆరేసుకునే చోటు పోయింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే బెల్లంపల్లి వాళ్లు వచ్చారు. వాళ్ల వెనక కాగజ్‌నగర్ వాళ్లు, వాళ్ల వెనక చొప్పదండి బుచ్చవ్వ కొడుకు. హైదరాబాదులో కూడా రెండు క్లబ్బులు గడ్డపారలు కొన్నాయని వాడు వార్త మోసుకొచ్చాడు. గుంత లోతు కొలుచుకుపోతాం, తాడు కావాలన్నారు. నాగవ్వ కొత్తగా కొన్న బట్టల తాడు తెచ్చి, కత్తి పట్టుకుని అడిగింది. "లోతు నీళ్ల మీది సంది కొలువాలెనా, నీళ్ల కింది సంది కొలువాలెనా, నీళ్లే లేకుంట కొలువాలెనా?"

తాడు ముక్క ముందు ఎవరికన్న దానిమీద అప్పటికే కొట్లాట మొదలైంది.