అయిదు బొమ్మలు, ఒక్క నీటిగీత

సర్వేయరుగారికి తన మీద తనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఏళ్ళ తరబడి హద్దులు కొలిచిన మనిషి కదా, మంచం మీద దుప్పటి కూడా అంచులు కొలిచి గాని పరవనివ్వరు. ఆఫీసులో ఆయన పేరు ‘రసమట్టం’. గాలిబుడగ మధ్యలో నిలిచిందో లేదో చూసి మట్టం చెప్పే ఆ పరికరం ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది మరి.

వాళ్ళ ముందుగదిలో ఒక గోడ ఖాళీగా ఉంది. దాని కోసం మొగుడూ పెళ్ళాల మధ్య ఏడాదిగా యుద్ధం. ఆవిడ లైబ్రరీలో పని చేస్తుంది. అక్కడివి చాలనట్టు ఇంట్లో మంచం కిందా పుస్తకాలే, ఫ్రిజ్ మీదా పుస్తకాలే. ఆ గోడకు అలమర కావాలంటుంది. ఆయనకేమో జపాను బొమ్మల పిచ్చి. చెక్కమీద చెక్కి, రంగులు పూసి, కాగితం మీద అచ్చొత్తిన పాతకాలపు కొండలూ సముద్రాలూ అన్నమాట. ఒకరోజు చెప్పాపెట్టకుండా అయిదింటిని అద్దాల ఫ్రేములతో సహా మోసుకొచ్చేశారు.

“సరే, పందెం,” అంది ఆవిడ. “మేకులు కొట్టే రోజు పొద్దుగూకేలోగా ఇవి బాగున్నాయని మా అమ్మ చేత అనిపించండి. అప్పుడు గోడ మీ సొంతం. లేదా నాది.”

“పొద్దుగూకే దాకా ఎందుకే? పదింటికల్లా తేల్చేస్తాను. నువ్వు అలా కూర్చుని చూస్తూ ఉండు!”

ఆ సాయంత్రమే పెద్ద కాగితం పరిచి ప్లాను గీశారు. అయిదు బొమ్మల్లోనూ నీళ్ళున్నాయి. ఒకదాంట్లో సముద్రం, ఒకదాంట్లో చెరువు, ఒకదాంట్లో వానలో వంతెన కింద ఏరు. నీళ్ళు ఎక్కడైనా ఒకే మట్టాన నిలవాలి గనక అయిదు నీటిగీతలూ గోడ మీద ఒకే వరసలో రావాలట. ఆవిడ ఆ కాగితాన్ని కాస్త ఎక్కువసేపే చూసింది.

“నా దగ్గరుంచండి. మీరు పారేసుకుంటారు,” అని మడిచి తీసుకుపోయింది.

పోతే పోయింది, కొలతలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పక్కింటాయన దగ్గర డ్రిల్లు తెచ్చుకునేసరికి మాత్రం మూడు వారాలు పట్టింది.

ఆదివారం పొద్దున్నే అయిదు చిల్లులు పడ్డాయి, అయిదు బొమ్మలెక్కాయి. నీటిగీతలు దారం లాగినట్టు వచ్చాయి. కానీ ఒక్కో బొమ్మలో నీళ్ళు ఒక్కో ఎత్తున ఉండడంతో సముద్రం ఫ్రేము ఫ్యాను దగ్గరకు వెళ్ళింది, చెరువు ఫ్రేము సోఫా మీదికి దిగింది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. “మెట్లు కడుతున్నారా అల్లుడుగారూ?”

ఆయన పళ్ళు నూరుకుని, ఫ్రేములన్నీ ఒక వరసలోకి తెచ్చారు. ఇంకో అయిదు చిల్లులు. ఇప్పుడు ఫ్రేములు కుదిరాయి గాని నీళ్ళు ఎగుడుదిగుడయ్యాయి. సోఫాలో కూర్చుని చూస్తే ఆయనకే కళ్ళు తిరిగాయి.

“ఏమేవ్, ఆ చెరువు ఈ సముద్రంలోకి కారిపోతోందే!”

“బకెట్టు పెట్టమంటారా?”

మళ్ళీ విప్పారు, మళ్ళీ కొట్టారు. మంచినీళ్ళు తాగొచ్చేలోగా వంతెన బొమ్మ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

“వాన ఏటవాలుగా పడుతోంది బాబూ, నిటారుగా పడేట్టు సర్దాను,” అన్నారు అత్తగారు.

“అది గాలివాన అత్తయ్యగారూ! అలాగే పడుతుంది!”

“చూసి చూసి గాలివానను ఇంట్లోకి తెచ్చుకుంటారా ఎవరైనా?”

సాయంత్రానికి చిల్లులు ఇరవైమూడు. గోడ జల్లెడైంది. ఆయన జుట్టునిండా సున్నం.

“ఏం ఫరవాలేదు. ఇవన్నీ బొమ్మల వెనకాల దాక్కుంటాయి,” అన్నారు ధీమాగా.

“బొమ్మలు అయిదే కదండీ!”

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. వడ్రంగీ, ఇంకో ఇద్దరూ పెద్ద అలమర ఎత్తుకుని లోపలికొచ్చారు.

“ఆగండాగండి! ఇంకా పొద్దుగూకలేదు!” అని అడ్డం పడ్డారు సర్వేయరుగారు.

“అమ్మా, బాగున్నాయా?” అనడిగింది ఆవిడ.

“ఏవి, చిల్లులా?” అన్నారు అత్తగారు.

ఆయన పక్కకు తప్పుకున్నారు. అలమర గోడకు ఆనగానే ఇరవైమూడు చిల్లులూ మాయమయ్యాయి. పుస్తకాల అరల మధ్య అయిదు గూళ్ళు విడిగా ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో. ఆవిడ బొమ్మలు తెచ్చి ఒక్కో గూట్లో ఒక్కోటి నిలబెట్టింది. ఒక్క మేకు కూడా అక్కర్లేకపోయింది. చుట్టూ పుస్తకాలు ఉండేసరికి మెట్లలాగానూ లేవు. ఆయన రసమట్టం పట్టి చూశారు. సముద్రం నుంచి చెరువు దాకా ఒక్కటే నీటిగీత.

వడ్రంగి జేబులోంచి మడత కాగితం తీశాడు. “ఎవరు గీశారో గాని సార్, కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. మూడు వారాల కింద అమ్మగారిచ్చారు.”

“మూడు వారాల కిందా?” సర్వేయరుగారు భార్య వైపు తిరిగారు. “అంటే నేను ఓడిపోతానని నీకు ముందే తెలుసా?”

“మీ కొలతలు ఎప్పుడు తప్పాయి గనక? చేతిలో డ్రిల్లు లేనంతసేపూ మీకు తిరుగులేదు.”

“మరి ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా!”

“అలా కూర్చుని చూస్తూ ఉండమన్నారుగా,” అంది ఆవిడ. “చూస్తూ ఉన్నాను.”

ఆయన జుట్టులోని సున్నం దులుపుకుంటూ అలమర వైపు చూశారు. అత్తగారు సన్నపాటి పుస్తకం ఒకటి ఏరి, వంతెన బొమ్మ మూలకింద దూర్చి, వానను నిటారుగా కురిపిస్తున్నారు.

సర్వేయరుగారు రసమట్టం జేబులో పెట్టేసుకున్నారు.