ఒక్క చుక్క కనపడితే

ఆ ఉదయం మైలిస్ అనుకున్నవి మూడే పనులు. వాంతులు రాకుండా సూది వేయించుకోవడం, విమానం ఎక్కడం, ముప్ఫై ఒక్కసార్లు మీట నొక్కడం. ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి బయలుదేరే ఆ విమానం సముద్రం మీద ఏటవాలుగా ఎగసి కిందికి వాలుతుంది. అలా చేసే ముప్ఫై ఒక్కసార్లూ లోపల ఇరవై రెండు సెకన్లు దేనికీ బరువుండదు. అంతరిక్షంలో గాయపడినవాళ్లకు సెలైన్ ఎక్కించడానికి ఆమె మూడేళ్లు కూర్చుని చేసిన పంపు పనికొస్తుందో లేదో ఆ సెకన్లలోనే తేలాలి.

ఎక్కేముందే భద్రతాధికారి లబోర్ద్ చెప్పాడు. "ఒక్క చుక్క బయట కనపడితే పంపు స్విచ్ ఆపేస్తా మేడమ్. మళ్లీ మీ వంతు రెండేళ్ల తర్వాతే."

రెండోసారి బరువు పోగానే శనగగింజంత చుక్క ఒకటి ఆమె ముక్కు ముందుకు తేలుతూ వచ్చింది. లబోర్ద్ రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె నోరు తెరిచి చుక్కను మింగేసింది. ఉప్పగా ఉంది. సెలైనే. పంపు కారుతోంది.

నాలుగోసారి రెండు చుక్కలు వచ్చాయి. ఆరోసారి ఐదు.

"ఏంటే, చేపలా నోరు తెరుస్తున్నావ్?" అన్నాడు తోటి ఇంజనీరు యోవాన్.

"మెల్లగా. పంపు కారుతోంది."

"ఎక్కణ్ణుంచి?"

"తెలిస్తే ఆపనా? నీ వైపు వచ్చినవి నువ్వు పట్టు."

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదులే," అని యోవాన్ కూడా నోరు తెరిచాడు.

లబోర్ద్ వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. దగ్గరికొచ్చాడు. చుక్కలు మరీ ఎక్కువయ్యాయి. అతను మైలిస్ భుజం పట్టుకుని తీసుకెళ్లి వెనక సీట్లో బెల్టు బిగించాడు. ఇక స్విచ్ ఆపేస్తాడని ఆమె మిగతా ఇరవై ఐదుసార్లూ అతని చేతివంకే చూసింది. అతను ఆపలేదు.

దిగాక పంపు పెట్టె తెరిచింది. అడుగున పరిచిన కాగితం పొడిగా ఉంది. సెలైన్ ఒక్క చుక్క కూడా తగ్గలేదు.

లబోర్ద్ అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. "మేడమ్, మీ రిపోర్టులో నా సంగతి రాయకండి. తెలిస్తే నన్ను ఇంక ఎక్కనివ్వరు."

"ఏ సంగతి?"

"పదహారేళ్లుగా ఎగురుతున్నా. ఎక్కిన ప్రతిసారీ భయంతో చెమట ధార కడుతుంది. మీరు నోరు తెరిచి నా మొహమే చూస్తుంటే దొరికిపోయాననుకుని మిమ్మల్ని వెనక కట్టేశా. బరువు పోయినప్పుడల్లా తల విదిలించుకుంటా. ఆ చెమట ఎటు పోతుందో ఇప్పటికీ నాకు తెలీదు."

మైలిస్‌కు తెలుసు.