రెండు ఎకో డబ్బాలు, ఒక గ్యాస్ బండ

ఆ ఆదివారం పొద్దున్న గురునాథరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగి, ఇంట్లో ఉన్న రెండు ఎకో పెడళ్ళనూ వాయించి చూసి, ఒకటి ఉంచుకుని, రెండోది మధ్యాహ్నం సుభాష్‌కి వాపసు ఇచ్చెయ్యాలి. అంతే. ఇందులో ఫైరింజను ప్రసక్తి ఎక్కడా లేదు.

గురునాథరావు భిలాయి ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. పంతొమ్మిదేళ్ళుగా నలభై అడుగుల ఎత్తున కేబిన్‌లో కూర్చుని, ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మల్ని ఈ చివరి నుంచి ఆ చివరికి మోస్తున్నాడు. టీ వేళకి కిందికి దిగడానికి బద్ధకించి, జేబులోంచి మౌతార్గాన్ తీసి వాయించుకునేవాడు. మిల్లు రొదలో అది పక్కవాడికి కూడా వినబడేది కాదు. ఎవరూ వినరు కాబట్టి భయమూ ఉండేది కాదు. అలాంటిది ఈ ఏడు ఏ ధైర్యం వచ్చిందో, మర్నాడు తాముండే క్యాంప్ వన్ కాలనీ మైదానంలో జరగబోయే ఆంధ్రుల వార్షికోత్సవంలో వాయిస్తానని పేరిచ్చాడు. ఇచ్చిన దగ్గర్నుంచీ నిద్ర లేదు.

ఉత్త మౌతార్గాన్ మైకులో పీలగా, పోలీసు ఈలలా వినబడుతోందని తేలింది. దానికి మందు చెప్పినవాడు సుభాష్. రైల్వే వాళ్ళబ్బాయి, దుర్గ్‌లో ఒక ఆర్కెస్ట్రా పార్టీలో గిటారు వాయిస్తాడు. కాలితో నొక్కే ఇనప డబ్బాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మైకులో పడ్డ స్వరాన్ని పట్టుకుని, కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించడం వాటి పని.

"తెల్లది కొత్త మోడల్ అన్నా. నువ్వు ఏటి వాయిస్తే అచ్చం అదే తిప్పి చెప్తాది. సెకను దాకా లాగొచ్చు. నీలంది పాతది. దాని ఎకో కొంచెం మబ్బుగా ఉంటాది, దూరం పోదు. మూడేసి మరలున్నాయి: ఎంత లేటుగా, ఎన్నిసార్లు, ఎంత గట్టిగా. నీ బాజాకి ఏది సెట్ అవుతాదో నువ్వే చూసుకో."

మైకు, యాంప్లిఫయరు టెంట్ హౌస్ అప్పలకొండవి. సోమవారం నాటి ఉత్సవం కోసం అతను శనివారమే గురునాథరావు డాబా మీద మైదానం వైపు నోరు పెట్టి బాకా కట్టేశాడు. మిషను ముందుగదిలో పెట్టి, "బాకా తీగ పీకేసి ఎల్తాను, నువ్వు నీ చిన్న స్పీకరులో వాయించుకో" అన్నాడు. అని, పీకడం మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

గురునాథరావుకి ఈ సంగతి తెలియదు. చుట్టుపక్కల వాళ్ళకి వినబడుతుందన్న సిగ్గుతో తలుపులూ కిటికీలూ బిగించి మరీ కూర్చున్నాడు. మైకునీ మౌతార్గాన్‌నీ కలిపి రెండు అరచేతుల మధ్య పొదివి పట్టుకున్నాడు. కొత్తది కదా అని తెల్లదాన్నే ముందు తగిలించాడు. ఒక స్వరం ఊదితే అదే స్వరం, అచ్చంగా, గోడ అవతల నుంచి ఎవరో వాయించినట్టు తిరిగొచ్చింది. ఆయన ఒళ్ళు పులకరించింది. కాస్త జోరుగా వాయించాడు. ఈసారి ఇందాకటి ముక్క వెనకనుంచి వచ్చి ఇప్పటి ముక్కతో దెబ్బలాడటం మొదలెట్టింది. సరిపడుతుందేమోనని 'ఎన్నిసార్లు' మరను ఇంకొంచెం తిప్పాడు.

ఆయన భార్య మీనాక్షి ఉత్సవానికి రెండు వందల బూరెలు చేస్తానని ఒప్పుకుని వంటింట్లో వేయిస్తోంది. రెండో వాయి నూనెలో ఉండగా పొయ్యి ఆరిపోయింది. మూడుసార్లు కేకేసింది. పలుకు లేదు. ముందుగదిలోకి వచ్చి, మొగుడి చెవి దగ్గరికి వంగి, "గ్యాస్!" అని అరిచింది.

మైకు ఆ చెవి పక్కనే ఉంది. తెల్ల డబ్బా ఆ మాటను భక్తిగా అందుకుంది.

గ్యాస్... గ్యాస్... గ్యాస్...

ఉలిక్కిపడ్డ గురునాథరావు మరను తగ్గించబోయి పూర్తిగా పెంచేశాడు. ఇప్పుడు ఒక్కొక్క గ్యాసూ ముందరి దానికంటే గట్టిగా రావడం మొదలైంది. పదోదానికి మాట కరిగిపోయి అచ్చం సైరను అయింది. మీనాక్షి బెదిరి తీగల మీదికి అడుగేసింది.

"తీగ తొక్కేత్తన్నావు! బయటికి పో! బయటికి పో!"

పో... పో... పో... అంది డబ్బా.

గురునాథరావు ప్లగ్గు పీకేశాడు. గది నిశ్శబ్దమైంది.

"ఏటండీ ఆ గోల?"

"ఏటీ లేదు. నువ్వేటన్నావు?"

"గ్యాస్ అయిపోనాది అన్నాను. బూరెలు నూనిలో నానిపోతన్నాయి. బండ మార్చండి."

గాలి కోసం ఆయన కిటికీ తెరిచాడు. వీధి వీధంతా పరిగెడుతోంది.

ఇంకో ఊళ్ళో అయితే గ్యాస్ అంటే బండ. ఉక్కు ఊళ్ళో ఆ మాటకి వేరే అర్థం కూడా ఉంది, ప్లాంటులోంచి లీకయ్యే విషవాయువు అని. తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని ఖాళీ జాగాలోకి పరిగెత్తాలని ప్లాంటులో పనిచేసే ప్రతివాడూ ఇంట్లో వాళ్ళకి ఏనాడో నేర్పి ఉంచాడు. ఎదురింటి పంజాబీ ఆయన సగం గడ్డానికి సబ్బు నురగతో పోతున్నాడు. పక్కింటి కన్నమ్మ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, చంకలో మిక్సీ పెట్టుకుని ఉరుకుతోంది.

"ఏటైనాది వదినా?"

"ఇంకా ఇంట్లోనే ఉన్నావేటి తమ్ముడూ! గ్యాస్ వొదిలేసిందట! మైకులో సెప్పినారు, బయటికి పొమ్మన్నారు! పరిగెట్టు!"

గురునాథరావు కూడా పరిగెత్తాడు. మీనాక్షి చెయ్యి పట్టుకుని, తువ్వాలు తడుపుకుని, పది గజాలు నిజాయితీగానే పరిగెత్తాడు. అప్పుడు ఎందుకో వెనక్కి తిరిగి చూస్తే, తన డాబా మీద బాకా కనబడింది. ఆయన కాళ్ళు ఆగిపోయాయి.

"ఒలమ్మా," అన్నాడు నెమ్మదిగా. "అది నువ్వే మీనాక్షీ."

తప్పు దిద్దాలన్న ఆత్రంలో లోపలికి ఉరికి, ప్లగ్గు పెట్టి, మైకు అందుకున్నాడు. క్యాంపులో అన్ని భాషల వాళ్ళూ ఉంటారని గుర్తొచ్చి హిందీ ఎత్తుకున్నాడు. "భయ్యా లోగ్, ఘబరావ్ మత్! గ్యాస్ హమారే ఘర్ మే ఖతమ్ హువా! ఖతమ్!"

భయపడకండి, గ్యాస్ మా ఇంట్లో అయిపోయింది అని ఆయన ఉద్దేశం. తెల్ల డబ్బా ఇంకా మైకుకీ మిషనుకీ మధ్యలోనే ఉంది. వాక్యం మొత్తం ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోయి, ఆఖరి మాట ఒక్కటే తేటగా మిగిలింది. ఖతమ్... ఖతమ్... ఖతమ్... అంతవరకూ గుమ్మాల్లో నిలబడి చోద్యం చూస్తున్న వెనక వీధుల వాళ్ళు కూడా ఆ దెబ్బతో పిల్లల్ని ఎత్తుకుని మైదానానికి బయల్దేరారు. ఎవరో ఎస్టీడీ బూత్ నుంచి ఫైరు వాళ్ళకి ఫోన్ కొట్టారు.

గురునాథరావు మైదానం చేరేసరికి నాలుగైదు వందల మంది ముక్కులు మూసుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో విజిలు మెడలో వేసుకుని వాసుదేవరావు గారు తలలు లెక్కపెడుతున్నారు. ఆయన ఫైర్ సర్వీసులో రిటైరయ్యారు. క్యాంపు వాళ్ళ క్షేమం కోసం మూడు నెలలకోసారి సొంత ఖర్చుతో మాక్ డ్రిల్లు పెడతారు. మూడేళ్ళలో వాటికి హాజరైంది ఆయనా, ఒకసారి ఒక ఆవూ. ఇవాళ ఆయన మొహం పెళ్ళివారిల్లులా ఉంది.

"గ్యాస్ లేదండీ," అన్నాడు గురునాథరావు. "అంటే ఉండేది. అయిపోనాది. మా వొంటింట్లో." మొత్తం చెప్పుకొచ్చాడు.

జనం ముక్కుల మీద గుడ్డలు ఒక్కొక్కటే దిగాయి. "అరే రావు సాబ్, మై ఆధీ దాఢీ లేకర్ భాగా!" అని పంజాబీ ఆయన సగం గడ్డం చూపించి కేకలేశాడు. కన్నమ్మ మిక్సీ కింద పెట్టి చీర కొంగు బిగించింది. అంతలో గంట మోగించుకుంటూ ఫైరింజను రానే వచ్చింది. ఆఫీసరు దిగి, అలారం ఇచ్చిందెవరని హిందీలో గట్టిగా అడిగాడు.

గురునాథరావు కళ్ళ ముందు క్రేన్ కేబినూ, సస్పెన్షన్ కాగితమూ ఒకేసారి మెదిలాయి. అయినా అబద్ధమాడే అలవాటు లేక ముందుకి అడుగేశాడు. ఆయన భుజం మీద ఒక చెయ్యి పడింది.

"మాక్ డ్రిల్ సార్," అన్నారు వాసుదేవరావు గారు నిటారుగా నిలబడి. "పెట్టింది నేను. అలారం మోగించింది ఈయన."

ఆఫీసరు జనాన్ని చూశాడు, వాచీ చూశాడు. "ఎంతసేపట్లో వచ్చారు?"

"తొమ్మిది నిమిషాలు సార్. వెనక వీధులతో కలిపి."

ఆఫీసరు టోపీ తీశాడు. టౌన్‌షిప్పులో ఇంత చక్కటి డ్రిల్లు తానెప్పుడూ చూడలేదన్నాడు. గురునాథరావుకి షేక్‌హ్యాండు ఇచ్చాడు. డ్రిల్లు అన్నాక పద్ధతిగా పూర్తి కావాలి కాబట్టి, తన మనుషులు ఇళ్ళన్నీ చూసి వచ్చేదాకా ఎవరూ కదలకూడదని చెప్పాడు. నాలుగైదు వందల మందీ మూలుగుతూ గడ్డిలో కూలబడ్డారు.

"కూకోబెట్టేసినారు కదా," అంది కన్నమ్మ. "ఏదో ఒకటి వాయించు తమ్ముడూ. పొద్దున్న ముందు బాకాలో కూసింది నువ్వేనా?"

"నేనే వదినా. ఎలాగుంది?"

"బాగానే ఉంది గానీ, మా అత్తగోరి మాటల్లా ఉంది. ఒకటి అయ్యేలోపల ముందరిది మల్లీ వొస్తాది."

గురునాథరావుకి ఆ మాట సూటిగా తగిలింది. ఆఫీసరుని అడిగి ఇంటికెళ్ళి తెల్ల డబ్బా తీసేసి నీలందాన్ని తగిలించాడు. అప్పటికి రొప్పుకుంటూ వచ్చిన అప్పలకొండ, తప్పు తనదేనని లెంపలు వాయించుకుని, మైకు తీగని కిటికీలోంచి మైదానం దాకా లాగాడు.

గురునాథరావు కళ్ళు మూసుకుని మొదటి స్వరం ఊదాడు. దాని వెనకే, ఒక్క అడుగు దూరంలో, కాస్త మసకగా ఇంకొక స్వరం నడిచి వచ్చింది. దెబ్బలాడలేదు, తరమలేదు, తోడుగా నడిచి అలాగే మాయమైంది. పీలగా ఉండే బాజాకి ఒళ్ళు వచ్చింది. మిల్లు రొదలో ఇన్నేళ్ళూ ఎవరికీ వినబడకుండా పోయిన పాటలన్నీ ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. మూడో పాటకి కళ్ళు తెరిచాడు. పంజాబీ ఆయన సగం గడ్డంతో తాళం వేస్తున్నాడు. మీనాక్షి, ఇరవైయేళ్ళ కాపురంలో మొదటిసారి, ఆయన వాయిస్తుంటే బూరెల సంగతి మరిచిపోయి వింటోంది.

బండను ఫైరు వాళ్ళే మార్చి పెట్టారు. బూరెలు ఉత్సవం దాకా ఆగలేదు, పళ్ళాల్లో మైదానానికే వచ్చేశాయి. మధ్యాహ్నం పెడలు కోసం వచ్చిన సుభాష్ జనం వెనక నిలబడి కాసేపు విని, ఏమీ అడక్కుండా తెల్లదాన్ని సంచిలో వేసుకుని, తనూ గడ్డిలో కూర్చున్నాడు.

ఆ రాత్రి ఆఫీసరు తన రిపోర్టులో ఇలా రాసుకున్నాడు: జనాన్ని ఇళ్ళలోంచి బయటికి రప్పించడానికి తొమ్మిది నిమిషాలు, తిరిగి ఇళ్ళకి పంపించడానికి రెండున్నర గంటలు.