మామగారి కుర్చీ బాణం

ఆ ఉదయం ఆవిడ వేసుకున్న పథకం చిన్నదే. చూరు కింద ఆరబెట్టిన కొమ్మల్లో తిన్ననిది ఒకటి తీసి, నిప్పుసెగ మీద వంపులు సరిచేసి, బాణంగా మలచి, బావగారి నోరు మూయించాలి.

బావగారంటే భర్తకు అన్న. వెనక గదిలో ఆవిడ బండి సీట్లకు కవర్లు కుడుతుంది, తీరిక దొరికితే బాణాలు చెక్కుతుంది. బావగారి కొత్త మోటార్ సైకిలుకు నీడ కావాలట, ఆ గదే కావాలట. "మెట్ల మీంచి వేసిన నీ పుల్లబాణం గేటు దాటితే గది నీదే. దాటకపోతే సాయంత్రానికల్లా నీ మిషను బయట పెట్టెయ్యాలి" అని నిన్న పదిమంది ముందు అనేశారు. "సరే" అని ఆవిడా అనేసింది. గది పోతే పని పోతుంది. అయినా తగ్గడం ఆవిడకు చేతకాదు.

తీరా చూస్తే చూరు కింద కొమ్మలు లేవు.

"అవా? చిక్కుడు తీగలకి పాతేశాను. భలే తిన్నగా ఉన్నాయిలే!" అన్నాడు భర్త మురిసిపోతూ. తడి తగిలి అవి అప్పటికే వంకర్లు పోయాయి.

ఆవిడ చూపు మామగారి పేము కుర్చీ మీద పడింది. ఆయన స్నానానికి వెళ్ళారు. వీపు ఆనే చోట సన్నటి బెత్తం ఒకటి కోసి, పొయ్యి సెగ మీద తిప్పుతూ, మోకాలికి ఆనించి వంపు తీస్తోంది. పొగ చూసి ఇల్లంటుకుందనుకున్న భర్త బకెట్ నీళ్ళు కుమ్మరించాడు. పొయ్యి ఆరింది, ఆవిడ తడిసింది. అప్పుడే వచ్చి కుర్చీలో వెనక్కి వాలిన మామగారు వాలుతూనే నేల మీదికి చేరారు.

"కుర్చీ విరిగిందేమ్మా!"

"విరగలేదు మామయ్యా, నేనే కోశాను. గది దక్కగానే మళ్ళీ అల్లిపెడతాను."

"దక్కకపోతే?"

"దక్కుతుంది."

మామగారు కోడలి మొహం ఒకసారి చూసి, కింద కూర్చునే దుమ్ము దులిపే ఈకల కట్ట అందించారు. ఆవిడ ఈకలు చీల్చి మైనపు దారంతో బాణం వెనక కట్టింది. మొనకు ఇంకేమీ దొరక్క, రెగ్జిన్ కుట్టే లావుపాటి సూదిని దూర్చి బిగించింది.

బావగారు బండిని గేటు బయట చెట్టు నీడలో ఆపి, గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"తప్పుకోండి బావగారూ."

"నీ పుల్లకి నేను తప్పుకోవాలా?"

"తప్పుకోరా!" అన్నారు మామగారు. బావగారు తప్పుకున్నారు.

ఆవిడకు భయం వేయలేదంటే అబద్ధం. మెట్ల మీద నిలబడి, తన వింటికి బాణం తొడిగి, నారి చెవిదాకా లాగి వదిలింది. బాణం మెట్లు దాటింది, చిక్కుడు తీగలు దాటింది, గేటు దాటింది, కొత్త బండి సీటులో సూది మునిగేదాకా దిగబడింది. రెగ్జిన్‌ను గుచ్చడానికే పుట్టిన సూది కదా.

ఆ చుట్టుపక్కల సీట్లు కుట్టేది ఆవిడొక్కతే. కాసేపటికి బావగారు సీటు ఊడదీసి, చంకన పెట్టుకుని వెనక గది గుమ్మంలో నిలబడ్డారు.

"ఎప్పటికవుతుందమ్మా?"

ఆవిడ సీటులోంచి బాణం లాగి, ఒక కన్ను మూసి, తిన్నగానే ఉందో లేదో చూసుకుంది.

"ముందు మామయ్యగారి కుర్చీ అవ్వాలి. వచ్చే వారం రండి."

ఆ వారమంతా బండి చెట్టు నీడన హాయిగా ఉంది. ఎండలో నడిచింది బావగారే.