చూరు కింద సిమెంటు

ఇల్లు ఊడవాలి. ముందుగది నేల మీది గబ్బిలాల రెట్టలు గీకి కడగాలి. కర్టెన్లు మార్చాలి. అత్తగారిని మాట్లాడకుండా కూర్చోబెట్టాలి. అద్దెకు ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం వచ్చేవాళ్ళు గుమ్మం తొక్కేలోపు నర్సమ్మ చేయాల్సిన పనులివి. వాళ్ళు ఊ అంటేనే తను పనిచేసే ఆసుపత్రి పక్క క్వార్టర్సుకు మారగలదు. లేకపోతే ఈ అడవి అంచు నుంచి రోజూ రెండు బస్సులు మారి చావాల్సిందే.

ఇన్ని పనుల్లో భర్తకు ఒక్కటీ అప్పజెప్పలేదు. అదే ఆమె చేసిన తప్పు. ఆయన నిచ్చెనెక్కి, గబ్బిలాలు దూరే చూరు కింది సందును సిమెంటుతో పూడ్చడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, పగలు అవి లోపలే పడుకుంటాయిరా! చీకటిపడి అన్నీ బయటికెళ్ళాక మూసుకో," అంది అత్తగారు.

"ఇవాళ నువ్వు మాట్లాడకూడదు కదమ్మా!"

ఆవిడ నోటికి తాళం వేసుకుంది.

సిమెంటు బిగిసేలోపే అటక మీద గలభా మొదలైంది. దారి మూసుకుపోయిన గబ్బిలాలు ఫ్యాను కొక్కెం పక్క కంతలోంచి ఒక్కొక్కటే ముందుగదిలోకి దిగాయి. నర్సమ్మ చీపురు అందుకుంది. వెలుగుకి బెదిరి బయటికి పోతాయని ఆయన దీపాలన్నీ వేశాడు. అవి మాత్రం చీకటి వెతుక్కుని ఇంట్లోనే ఎక్కడివక్కడ సర్దుకున్నాయి.

"చూశావా, పోయాయి!"

"ఎటు పోయాయండీ?"

జవాబు చెప్పేలోపు రిటైరైన పోస్టుమాస్టరూ ఆయన భార్యా రానే వచ్చారు. గదులు నచ్చాయి, గాలి నచ్చింది. వెళ్ళబోతుంటే వాన. నర్సమ్మ మర్యాదగా మూలనున్న గొడుగు తీసింది. దాని మడతలో ఏదో మెదలడం భర్త కంటబడింది.

"అది వద్దు! అది ఇవ్వకు!"

"గొడుగు దగ్గరా పిసినారితనమేనా? పరువు తీయకండి," అని పళ్ళు బిగించి గుసగుసలాడి, టక్కున విప్పింది.

లోపలివి పోస్టుమాస్టరు బట్టతల మీదుగా ఎగిరాయి. ఆయన కెవ్వుమని కర్టెను పట్టుకున్నాడు. అందులోంచి మిగతావి లేచాయి. దంపతులిద్దరూ వానలోనే వెళ్ళిపోయారు. నర్సమ్మ కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఆ సాయంత్రం దాకా భర్తతో మాట్లాడితే ఒట్టు.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. పోస్టుమాస్టరు భార్య.

"అమ్మాయీ, ఇల్లు మాకే. అంతసేపు ఉన్నామా, ఒక్క దోమైనా కుట్టలేదు! ఇక్కడ దోమలతో చస్తున్నాం. ఆ గబ్బిలాల్ని మాత్రం తరిమెయ్యకండి. మా ఆయన సంగతి నేను చూసుకుంటాలే."

"ఏమండీ, నిచ్చెన!" అని కేక పెట్టింది నర్సమ్మ.

సరిగ్గా తల్లి మూయమన్న వేళకు కొడుకు ఉలీ సుత్తీ పట్టుకుని సిమెంటు పగలగొడుతున్నాడు. అత్తగారు కింద నిచ్చెన పట్టుకుంది. చెప్పానా అని ఒక్క మాటైనా అనలేదు, మాట్లాడొద్దన్నారు కనుక.

పొద్దున్నే విషయం చెప్పిన ఆ పెద్దావిడను మీరైనా గుర్తుంచుకోండి. ఆ ఇంట్లో ఆవిడతో ఏకీభవించినవి గబ్బిలాలు మాత్రమే.