పలక మెచ్చిన ‘హ్హా!’

...పోనీ, పిల్లలు నన్ను చూసే మెచ్చుకున్నారనుకుందామంటే, పలక అనుకోనివ్వదే. బడివాళ్ళిచ్చిన టాబ్లెట్‌ను నేను పలక అంటాను. కైరో మెట్రోలో కమ్మీ పట్టుకుని వేలాడుతూ అందులోని రిపోర్టునే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. నా భూగోళం వీడియో, ‘పవనాలు’. పిల్లల శ్రద్ధ మొదట్లోనే నీరసించింది, మధ్యలో ఒక్కచోట ఆకాశాన్నంటింది, ఆ తర్వాత చచ్చిపోయింది.

ఆకాశాన్నంటిన చోట నేను లేను. మా ఆవిడ ఇన్‌షిరాహ్ ఉంది.

వంటింటి బల్ల దగ్గర నేను పాఠం రికార్డు చేస్తుంటే, వెనక ఆమె మొలోఖియా ఆకు పులుసులో వెల్లుల్లి తాలింపు పోసింది. పోసేటప్పుడు ‘హ్హా!’ అని ఊపిరి ఎగబీల్చకపోతే ఆ కూరకు రుచి రాదు. ఫారోల నాటి చట్టం. ఆ ‘హ్హా!’నే పిల్లలు వెనక్కి తిప్పి తిప్పి చూశారు. సొంత పెళ్ళాం ఊపిరి మీద అసూయపడిన మొదటి మగవాణ్ణి నేనే అయ్యుంటాను.

ఎప్పుడూ చేతిలో వైరుతో తిరిగే మా ప్రిన్సిపాల్ ‘చార్జర్’ ఫక్రీ నన్ను పిలిచాడు.

“ఉస్తాజ్ రిఫ్అత్, ఆ వీడియో మధ్యలో ఏం చేశావో అదే మళ్ళీ చెయ్యి. గురువారానికి నీ శ్రద్ధ మార్కులు పెరగలేదో, నీ తరగతికి కంపెనీవాళ్ళ వీడియో వేస్తాం. నువ్వు పక్కన నిలబడి పలకలకు చార్జింగ్ పెడుదువుగాని.”

ఆ రాత్రి మొలోఖియా అడిగాను. మర్నాడూ అడిగాను. ఆ మర్నాడు ఇన్‌షిరాహ్ గరిటె దించింది.

“మాస్టారూ, మొలోఖియాలో కుందేలును వేస్తాం. కుందేలుకు రోజూ మొలోఖియా మేత వెయ్యం.”

అంటూనే కుండవైపు గురిపెట్టిన పలకను చూసింది. తాలింపు నిశ్శబ్దంగా పోసింది. గత్యంతరం లేక నేనే ‘హ్హా!’ అన్నాను. వెల్లుల్లి పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయింది. పలక తీర్పు చెప్పింది: ‘శ్రద్ధ అంచనా: సున్నా. నీళ్ళు తాగండి.’

దగ్గుతూ అంతా చెప్పేశాను.

“దొంగ ఊపిరి తీస్తే కూర పాడవుతుంది,” అంది, గుడ్డతో కిటికీ గట్టు తుడుస్తూ. “నన్ను నిజంగా ఆశ్చర్యపెట్టండి. అప్పుడు చూద్దాం.”

పుస్తకం తెరిచి చదివాను. “ఖమ్‌సీన్ పవనములు దక్షిణ దిశనుండి వీచుచు...”

“కుండక్కూడా నిద్రొస్తోంది.”

విసుగొచ్చి పుస్తకం మూసేశాను. “సరేలే! నువ్వు రోజూ తిట్టుకుంటూ తుడుస్తావే, ఆ ఎడారి దుమ్ము ఊరికే కిటికీల మీద పడి ఊరుకోదు. సహారాలో లేచి మహాసముద్రం దాటి బ్రెజిల్ అడవుల్లో పడుతుంది. అక్కడి చెట్లకు అదే ఎరువు!”

గుడ్డ ఆగిపోయింది.

“హ్హా!”

అచ్చమైనది. ఆనందంగా పలకవైపు తిరిగాను. ఎర్ర చుక్క వెలగడం లేదు. మళ్ళీ రికార్డు నొక్కడం మరిచిపోయాను.

“ఇన్‌షిరాహ్, ఇంకొక్కసారి!”

“తెలిసిపోయాక ఎలా వస్తుంది? పిల్లలకింకా తెలీదుగా, వెళ్ళి వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పండి. చివరిసారి ఎప్పుడు చూశారు?”

వాళ్ళ మొహాలు తలుచుకోబోయాను. గుర్తొచ్చినవన్నీ గ్రాఫులే.

గురువారం. తరగతి గుమ్మంలో ఫక్రీ, అతని చేతిలో వైరు. బల్ల మీది పలకలో నా మార్కులు మిణుకుమిణుకుమంటున్నాయి. దాన్ని బోర్లా పెట్టాను. కిటికీ గట్టు పొడుగునా వేలు రాసి, ముందు బెంచీ పిల్లల మొహాల ముందు ఆ దుమ్ము వేలు ఎత్తి పట్టుకున్నాను.